చర్చించడమైనది

జూన్ 2

ముప్పై ఒక్క ఏళ్ళ క్రితం ఒక మంత్రి నా భుజం మీద చెయ్యి వేసి మాట ఇచ్చాడు. "డిక్షనరీగారూ, ఆ 'వలెను' పోయిందంటే నా పేరు మార్చుకుంటాను." మూడో అంతస్తు వరండాలో, పదిమంది వింటుండగా. 'వలెను' పోయింది. పేరు మాత్రం మారలేదు. చనిపోయేదాకా అదే పేరుతో ఎన్నికలు గెలుస్తూనే ఉన్నాడు.

సచివాలయంలో మేమంతా ఆయన్ని లారీమంత్రి అనేవాళ్ళం. రాజకీయాల్లోకి రాకముందు కంకర లారీ నడిపేవాడు. కార్మిక శాఖ ఇచ్చిన మొదటి వారమే కంకర మిల్లుల్లో పనిచేసేవాళ్ళకు ఒక చట్టం కావాలన్నాడు. ఆ శాఖలో ముసాయిదాలు రాసే ఉపకార్యదర్శిని నేను. రాశాను. "యజమాని ప్రతి కార్మికునికి ఏటా ఊపిరితిత్తుల పరీక్ష చేయించవలెను." మొత్తం చట్టానికి ప్రాణం ఆ వాక్యం. మంత్రివర్గ సమావేశం గదిలోకి 'చేయించవలెను' అని వెళ్ళింది, 'చేయించవచ్చును' అని బయటికొచ్చింది. ఒక్క అక్షరం తేడా. ఈ ముప్పై ఒక్క ఏళ్ళలో చేయించిన యజమాని నాకు తెలిసి ఒక్కడూ లేడు.

నేను రాస్తున్న పుస్తకంలో తొమ్మిదిమంది మంత్రులకు తొమ్మిది అధ్యాయాలు. మూడు అయ్యాయి. నాలుగోది లారీమంత్రిది. ఎనభై మూడేళ్ళు వచ్చినా చెయ్యి వణకనందుకు కృతజ్ఞుణ్ణి. ఎవరికో తెలియదు.

జూన్ 3

మొదటి వాక్యం కుదిరింది. "విధానాలు మంత్రులు చేస్తారని జనం నమ్ముతారు, మంత్రులు చేసేది సంతకం." నాలుగుసార్లు పైకి చదువుకున్నాను. బాగుంది.

జూన్ 5

కోడలు ప్రభుత్వ ఆసుపత్రిలో ఎక్స్‌రేలు తీస్తుంది. మా అబ్బాయిది ఊళ్ళు తిరిగే ఉద్యోగం. వారంలో రెండు రోజులు ఇంట్లో ఉంటే గొప్ప. నా మాత్రలకూ నా సణుగుడికీ ఆమే దిక్కు.

"మామయ్యా, ఇవాళ మీవాళ్ళు ముగ్గురు వచ్చారు," అంది చెప్పులు విడుస్తూ.

కంకర మిల్లు వాళ్ళను ఆమె 'మీవాళ్ళు' అంటుంది. నేను రాసిన చట్టం కిందకి వస్తారట, అందుకని.

"ఒకడికి ఇరవై ఆరేళ్ళు. ఊపిరి పీల్చి పట్టుకో అన్నాను. 'అంతసేపు పట్టుకునే ఊపిరుంటే ఇక్కడికెందుకు వస్తానక్కా' అన్నాడు. గదిలో అందరం నవ్వేశాం. వాడూ నవ్వాడు. ఇక దగ్గు ఆగలేదు."

"ఫిల్ములో ఏముంది?"

"ఏముంటుంది? గోడకి సున్నం కొట్టినట్టుంది."

"అదంతా ఆ లారీవాడి పుణ్యం."

"పోయినాయన్ని ఇంకెన్నాళ్ళు తిడతారు? లేవండి, పళ్ళెం పెట్టాను. చల్లారిపోతుంది."

రోజంతా నిలబడి వచ్చిన మనిషి నాకు వేడిగా వడ్డిస్తుంది. చెప్పాలనుకుంటాను. చెప్పను. ఇక్కడ రాసుకుంటే చాలు.

జూన్ 8

ఫోను. లారీమంత్రి కూతురు. ఇప్పుడు ఆవిడే కార్మిక మంత్రి. తండ్రి కూర్చున్న గదిలోనే కూర్చుంటోంది.

"సార్, నమస్కారం. ఒకసారి మీ ఇంటికి రావచ్చా? పాత ఫైలు గురించి మాట్లాడాలి."

రమ్మన్నాను. పుస్తకం సంగతి తెలిసిపోయింది, బతిమాలుకోవడానికి వస్తోంది. కోడలితో ఆ మాటే అన్నాను.

"మీరింకా రాయని పుస్తకం ఆవిడెప్పుడు చదివింది మామయ్యా?" అంది.

తెలివి ఎక్కువ ఈ పిల్లకు.

జూన్ 11

వచ్చింది. నలభై మూడేళ్ళుంటాయి. వెనక మందీ మార్బలం లేదు, చేతిలో ఒక ప్లాస్టిక్ ఫోల్డరు. కుర్చీ చూపించినా వెంటనే కూర్చోలేదు. నా పుస్తకాల బీరువా ముందు నిలబడింది.

"ఇవన్నీ చదివేశారా సార్?"

"రెండేసి సార్లు."

"నాన్న చెప్పేవారు. మీ తలకాయ అమ్మితే ఒక లైబ్రరీ వస్తుందని."

నవ్వు రాలేదు నాకు. ఆవిడ కూర్చుని అసలు సంగతి చెప్పింది. ఆ చట్టానికి సవరణ తెస్తోంది. 'వచ్చును' తీసేసి మళ్ళీ 'వలెను' పెట్టాలి. ఇరవై నాలుగో తేదీన మంత్రివర్గం ముందుకు వెళుతోంది. ఆర్థిక శాఖ అడ్డుపడుతోంది.

"వాళ్ళు కొత్త కారణమేమీ చెప్పడం లేదు సార్. పాత ఫైలు తీసి చూపిస్తున్నారు. చూడండి."

ఫోల్డరులోంచి ఒక నకలు తీసి నా ముందు పెట్టింది. ముప్పై ఒక్క ఏళ్ళ తర్వాత ఆ కాగితం. పైన అప్పటి ఆర్థిక శాఖ అభ్యంతరం: "చిన్న మిల్లులకు భారమగును. 'వలెను' బదులు 'వచ్చును' అని మార్చుట మేలు." దాని కింద లారీమంత్రి చేతిరాత, ఒక్కటే మాట: "మాటాడండి." దాని కింద నా చేతిరాత: "మంత్రిగారితో చర్చించడమైనది. మంత్రివర్గమునకు పంపవచ్చును." నా సంతకం. తేదీ.

"దీన్ని పట్టుకుని ఏమంటున్నారో తెలుసా? అభ్యంతరం చూశారు, మంత్రీ అధికారీ కూర్చుని చర్చించారు, జవాబేమీ రాయలేదు. అంటే ఒప్పుకున్నట్టే. మీ నాన్నే వదులుకున్న మాట మీకెందుకు అంటున్నారు. సార్, ఆ రోజు మీరిద్దరూ ఏం చర్చించారు?"

"ముప్పై ఏళ్ళ నాటి మాట. గుర్తులేదమ్మా."

ఆవిడ నన్ను కాసేపు చూసింది. నేను కాగితాన్ని చూశాను.

"ఈ సున్నా ఎవరు చుట్టారో!" అంది. 'మాటాడండి' చుట్టూ గుండ్రంగా ఒక గీత ఉంది. నకలులో నల్లగా పడింది. అసలు ఫైలులో ఎర్రగా ఉంటుంది. "నాన్నకి చదవడం బాగా వచ్చు. రాయడమే కష్టం. మంత్రి అయ్యాక సంతకంతోపాటు ఈ ఒక్క మాట నేనే నేర్పించాను, ఏడో తరగతిలో ఉండగా. అన్ని ఫైళ్ళ మీదా ఇదే రాసేవారు. 'ట' కింద 'ల' ఒత్తు ఎప్పుడూ మర్చిపోయేవారు. ఒకసారి ఇంటికి రాగానే, చొక్కా కూడా మార్చుకోకుండా, 'ఏదీ, మళ్ళీ నేర్పించు' అని నా పక్కన కూర్చున్నారు. ఒక పేజీ నిండా రాశారు."

లేచి, నకలు బల్ల మీదే వదిలేసింది.

"ఏదైనా గుర్తొస్తే చెప్పండి సార్. ఉన్నదున్నట్టు రాసిస్తే నాకు పని జరుగుతుంది. దానివల్ల మీ పెన్షనుకి ఇబ్బంది రావచ్చు. రాదని మాట ఇవ్వలేను."

మాట ఇవ్వని మంత్రిని మొదటిసారి చూశాను.

జూన్ 12

ఆ వారం నాకు జ్వరం. అందుకే మంత్రి గదికి వెళ్ళలేకపోయాను. ఫైలు ఆగకూడదని 'చర్చించడమైనది' అని రాసి పంపాను. అందరూ చేసే పనే. మంత్రులు 'మాట్లాడండి' అని రాస్తారు, మనం 'చర్చించడమైనది' అని రాస్తాం, ఫైలు కదులుతుంది. సగం చర్చలు అలా జరిగినవే.

జూన్ 13

జ్వరం కాదు, అది అంతకుముందు నెల. ఆ రోజు లిఫ్టు చెడిపోయింది.

జూన్ 14

మా విభాగం కూడా మూడో అంతస్తే. లిఫ్టు అక్కర్లేదు.

జూన్ 15

చెయ్యి నొప్పి. ఏమీ రాయలేదు.

జూన్ 16

నాలుగో అధ్యాయం ముందుకు కదలడం లేదు. ఇది రాస్తే కదులుతుందేమో.

ఆ మాట ఇచ్చిన పది రోజులకు సమావేశం. ముసాయిదా నేను చదువుతున్నాను. "శిలాధూళిజనిత శ్వాసకోశ వ్యాధి నివారణార్థము..." లారీమంత్రి చెయ్యి ఎత్తాడు.

"ఆగండాగండి డిక్షనరీగారూ. ఇది వింటుంటే నోట్లో కంకర పోసుకున్నట్టుంది. 'రాతి దుమ్ము రోగం' అంటే చట్టం ఒప్పుకోదా?"

అందరూ నవ్వారు. కార్యదర్శి నవ్వాడు. టైపిస్టు నవ్వింది. గ్లాసుల్లో నీళ్ళు పోస్తున్న ముసలి అటెండరు కూజా పక్కన పెట్టి మరీ నవ్వాడు. ఆ సమాసం కోసం నేను రెండు ఆదివారాలు నిఘంటువులు తిరగేశాను.

నాలుగో రోజున ఫైలు వచ్చింది. 'మాటాడండి.' ఒత్తు లేదు. నేను ఎర్ర పెన్సిల్ తీసి ఆ మాట చుట్టూ సున్నా చుట్టాను. మంత్రి రాతకు! ఆయన నా భాషను చూసి నవ్వాడు కదా, ఆయన భాష ఏమిటో ఆయనకే చూపిద్దామని. దాని కింద 'చర్చించడమైనది' అని రాశాను. మంత్రి గదికి వెళ్ళలేదు. మా గది గుమ్మంలోంచి చూస్తే ఆయన గది తలుపు కనిపించేది. తెరిచే ఉంది.

వెళ్ళి ఉంటే ఏం చెప్పేవాణ్ణో కూడా నాకు తెలుసు. చిన్న మిల్లులన్నీ కలిసి ఒక ఎక్స్‌రే వ్యాను తిప్పుకోవచ్చు. ఎవరికీ భారం కాదు. ఆర్థిక శాఖకు ఆ రెండు వాక్యాల జవాబు చాలు. అవి నా బుర్రలో సిద్ధంగానే ఉన్నాయి. రాతపూర్వకంగా అడిగితే రాద్దామని కూర్చున్నాను. రాయడం రాని మనిషి రాతపూర్వకంగా అడగాలని.

చట్టంలో ఇప్పటికీ 'రాతి దుమ్ము రోగం' అనే ఉంది. ఆయన పెట్టిన పేరే. జనానికి అర్థమయ్యే మాట ఆ చట్టంలో బహుశా అదొక్కటే.

జూన్ 17

కోడలికి చెప్పాను. ఉతికిన బట్టలు మడత పెడుతోంది.

"అసలు వెళ్ళనేలేదా?"

"లేదు."

"ఎందుకు?"

"నవ్వాడు."

"నవ్వాడని." ఒక దుప్పటి మడత పూర్తిచేసింది. "మామయ్యా, పోయినేడు నామీద అలిగి నాలుగు రోజులు చీటీలతో మాట్లాడారు గుర్తుందా? ఫ్రిజ్ మీద అంటించారు. 'ఉదయం ఏడింటికి నీళ్ళు కాచవలెను.'"

"నువ్వు దాని కింద 'కాచవచ్చును' అని రాశావు."

"రాసి, ఆరున్నరకే కాచి పెట్టాను."

నిజమే. పెట్టింది.

"ఆ ఇరవై ఆరేళ్ళవాడు మళ్ళీ వచ్చాడు ఇవాళ," అంది. "ఈసారి తమ్ముణ్ణి తీసుకొచ్చాడు, వీడికి కూడా ఒకటి తియ్యక్కా అని. తమ్ముడూ అదే మిల్లులో చేరాడట. డాక్టరు రాయందే తియ్యలేనన్నాను."

నన్ను చెయ్యమనలేదు, వద్దనలేదు. అందుకు ఆమెకు ఎంత రుణపడ్డానో.

జూన్ 18

పదకొండు ముసాయిదాలు. మొదటిదాంట్లో 'పరిస్థితుల ప్రభావమున' అని ఉంది. కొట్టేశాను. నాలుగోదాంట్లో 'పనుల ఒత్తిడి వలన'. కొట్టేశాను. చివరికి మిగిలింది ఇది:

"ఆ ఫైలులో 'మంత్రిగారితో చర్చించడమైనది' అని నేను రాసింది అబద్ధం. ఆయన పిలిచారు, నేను వెళ్ళలేదు. చర్చ జరగలేదు. ఆర్థిక శాఖ అభ్యంతరానికి నా దగ్గర జవాబు ఉంది, ఆయనకు చెప్పలేదు. ఆ జవాబు ఈ కాగితం వెనక రాస్తున్నాను."

నా ఉద్యోగ జీవితం మొత్తంలో ఇంత చిన్న ముసాయిదా రాయలేదు. ఒక్క సమాసమైనా లేదు. లారీమంత్రి చదివితే నోట్లో ఏమీ అడ్డుపడదు.

జూన్ 19

లారీమంత్రి కూతురు కారు పంపుతానంది. వద్దన్నాను. కోడలు సెలవు పెట్టి ఆటోలో తీసుకెళ్ళింది.

మూడో అంతస్తు. మా పాత విభాగంలో ఇప్పుడు కంప్యూటర్లు. అక్కణ్ణుంచి మంత్రి గది దాకా వరండా వెంట నడిచాను. అడుగులు లెక్కపెట్టాను. నలభై రెండు. ఈ వయసులో నలభై రెండు. యాభై రెండేళ్ళ వయసులో ముప్పై చాలేవి.

కాగితం ఇచ్చాను. ఆవిడ నిలబడే చదివింది. వెనక్కి తిప్పి, వ్యాను సంగతి ఇంకోసారి చదివింది. తర్వాత కూర్చుని, "నాన్నకి తెలుసు సార్," అంది.

"ఏం తెలుసు?"

"మీరు రాలేదని. తన గదికి ఎవరొచ్చారో ఎవరు రాలేదో ఆయనకి తెలియదా?"

నిజమే కదా. ఇన్నేళ్ళలో ఈ చిన్న సంగతి నాకెందుకు తట్టలేదు?

"ఆ రోజు మంత్రివర్గంలో అప్పటి ఆర్థిక మంత్రి ఈ ఫైలు పైకెత్తి చూపించారట. 'మీ అధికారి మీతో చర్చించాడట, జవాబు లేదట, ఇంకేం మిగిలింది' అని. ముఖ్యమంత్రిగారు కూడా నాన్న వైపు తిరిగి, 'చర్చించావా?' అని అడిగారట. లేదు అంటే చాలు. ఫైలు వెనక్కి వచ్చేది, మళ్ళీ వెళ్ళేది. నాన్న అవునన్నారు."

"ఎందుకు?"

"అబద్ధం నోటు రాస్తే ఉద్యోగం ఊడుతుందట కదా సార్. చాలా ఏళ్ళ తర్వాత నాతో చెప్పారు. 'కాలేజీకెళ్ళే కొడుకున్నాడు ఆయనకి. ఎర్ర పెన్సిల్ పెట్టాడని మనిషి కడుపు మీద కొడతామా అమ్మాయ్' అన్నారు."

కోడలు నా మోచెయ్యి పట్టుకుంది. ఆ కాలేజీకెళ్ళే కొడుకు ఆమె మొగుడు.

"మొన్న ఇంటికొచ్చినప్పుడే చెప్పొచ్చుగా అమ్మా?"

"చెబితే రుణం తీర్చుకోవడానికి రాసేవారు. వాళ్ళు అదే అంటారు, రాయించుకున్నారని. ఇప్పుడిది మీ అంతట మీరు రాసింది."

మంచినీళ్ళు తెప్పించింది. తాగాను.

జూన్ 20

ఆ తర్వాత ఎనిమిదేళ్ళు ఉద్యోగం చేశాను. అబ్బాయి చదువు పూర్తయింది. మా ఆవిడ ఆపరేషను ఆఫీసు ఖర్చుతోనే జరిగింది, ఆమె ఇంకా తొమ్మిదేళ్ళు బతికింది. ఈ ఇల్లు. ఈ బీరువా. ఈ కోడలు. ఇవన్నీ ఆయన అన్న ఒక్క 'అవును' మీద నిలబడ్డవి.

ఆ ఎనిమిదేళ్ళూ వరండాలో ఎదురుపడితే నేను మొహం తిప్పుకునేవాణ్ణి. ఆయన మాత్రం "ఏం డిక్షనరీగారూ, బాగున్నారా?" అనేవాడు. సిగ్గులేని మనిషి అనుకునేవాణ్ణి.

జూన్ 24

సాయంత్రం ఐదింటికి ఫోను.

"సార్, అయిపోయింది. 'వలెను' వచ్చేసింది."

కూర్చుండిపోయాను. ఎలా జరిగిందో చెప్పమన్నాను, ఒక్క ముక్క వదలకుండా.

పదకొండు నిమిషాలు పట్టిందట. ఆర్థిక మంత్రి నా కాగితాన్ని అటూ ఇటూ తిప్పి, "ఎనభై మూడేళ్ళ పెద్దాయన జ్ఞాపకం మీద చట్టం మారుస్తామా?" అన్నాడట. ఈవిడ, "జ్ఞాపకం సంగతి కాదండీ, సంతకం సంగతి. అప్పటి సంతకాన్ని నమ్మారు కదా, దీన్నీ నమ్మండి. రెండూ ఒకరివే," అందట. అప్పుడు, ఎప్పుడూ నోరు విప్పని ఆరోగ్య మంత్రి, "వెనకాల వ్యాను సంగతేదో రాశారే, అది చదవండి," అన్నాడట. చదివింది. "మా దగ్గర రెండు వ్యాన్లు ఊరికే పడున్నాయి, తీసుకోండి," అన్నాడట. ఇక ఆర్థిక మంత్రి కుర్చీలో వెనక్కి వాలి, "అయితే కానివ్వండి," అన్నాడట.

ఇది కాగితం మీద జరగలేదు. ఒక మంత్రి ఇంకో మంత్రి మొహం చూసి మాట్లాడితే జరిగింది. నేను ముప్పై నాలుగేళ్ళు గోడకు ఇవతల కూర్చుని, అవతల సంతకాలు మాత్రమే జరుగుతాయనుకున్నాను.

"ఇంకో సంగతి సార్. మీ నోటు మీద విచారణ వెయ్యక తప్పేట్టు లేదు."

"వెయ్యండమ్మా. పిలిస్తే ఈసారి వస్తాను."

నవ్వింది. నేను కూడా.

జూన్ 25

నాలుగో అధ్యాయం మొదటి వాక్యం కొట్టేశాను. నాలుగుసార్లు పైకి చదువుకున్న వాక్యం.

కోడలికి కృతజ్ఞతలు చెప్పాను. ఎదురుగా, నోటితో. "ఒంట్లో బాగానే ఉందా మామయ్యా?" అని నుదుటి మీద చెయ్యి వేసి చూసింది.

జూన్ 27

"కొత్త చట్టం వల్ల ఆ ఇరవై ఆరేళ్ళవాడికి ఏమైనా ఉపయోగమా?" అని అడిగాను.

"వాడికి లేదు," అంది కోడలు. "అయ్యేదంతా అయిపోయింది. తమ్ముడికి ఉంటుంది. వాడి ఊపిరి ఇంకా శుభ్రంగానే ఉంది. డాక్టరుతో రాయించి నిన్న తీశాం."

తమ్ముడి ఊపిరి శుభ్రంగా ఉన్నందుకు కృతజ్ఞుణ్ణి. ఇది చూసేదాకా నన్ను ఉంచినందుకు, ఆ నలభై రెండు అడుగులు నడవనిచ్చినందుకు, నన్ను చూసి నవ్వినవాళ్ళందరికీ, నన్ను నవ్వించినవాళ్ళకీ. ఎనభై మూడేళ్ళ జీవితంలో ఇన్నిసార్లు ఈ మాట వాడలేదు. చట్టాల్లో దీనికి చోటుండదు, అలవాటు తప్పింది.

నా తప్పు నేను సంతకం పెట్టి ఇచ్చేశాను. అది ఇక నాది కాదు, విచారణాధికారిది. పొద్దుణ్ణుంచి కూర్చుని వెతుకుతుంటే ఇంకొక తప్పు మిగిలి కనిపిస్తోంది.

ఆ 'అవును'తో ఆయన నాకు ఇచ్చింది తన సొంతది కాదు. అప్పటికింకా పుట్టని ఆ కుర్రవాడి ఊపిరి తీసి నా ఇల్లు నిలబెట్టాడు. నా ఒక్కడి కడుపు చూశాడు, వాళ్ళందరి గుండెలూ వదిలేశాడు. కంకర లారీ నడిపినవాడు, ఆ దుమ్ము మింగినవాడు, ఆయనకు తెలియదా? "చర్చించావా?" అని అడిగినప్పుడు "లేదు, ఈ మనిషి అబద్ధం రాశాడు" అని ఉండాల్సింది. నా ఉద్యోగం ఊడేది. ఆయన్ని తిట్టుకుంటూ బతికేవాణ్ణి. ఎలాగూ తిట్టుకుంటూనే బతికాను.

ఆయన చేసిన మేలుకు రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెడుతున్నాను. ఆ మేలు చేసినందుకు ఇప్పటికీ తప్పుపడుతున్నదీ ఆయన్నే, లారీమంత్రిని.